ఆ ఖాళీ గడిలో ఏం రాయాలి?

ఈ ఉత్తరం రాసిన సోదరి తన పేరు, ఊరు బయటికి రానివ్వవద్దని కోరారు. వయసు 44. కోస్తా ఆంధ్రలో ఒక మునిసిపాలిటీ పరిధిలో ఉన్న ప్రైవేటు రెసిడెన్షియల్ విద్యాసంస్థలో ఏఓగా (పరిపాలనాధికారిగా) పనిచేస్తున్నారు. హైస్కూలు, జూనియర్ కళాశాల ఒకే ఆవరణలో ఉంటాయి. హాస్టల్లో 700 మంది దాకా పిల్లలున్నారు. సంస్థ కరస్పాండెంట్ ఆమెకు వరసకు బాబాయి. భర్త ప్రమాదంలో నడుము దెబ్బతిని మంచాన పడినప్పుడు పిలిచి ఉద్యోగం ఇచ్చింది ఆయనే. కూతురు ఇప్పుడు అక్కడే ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, ఫీజు తీసుకోవడం లేదు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు అమల్లోకి రావడంతో మునిసిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. సంస్థను నమోదు చేయించాలి, చెత్తను నాలుగు రకాలుగా విడదీయాలి, ఏ రకం ఎటు పోతున్నదో లెక్క చూపాలి. బాబాయి ఆ పని ఆమెకే అప్పగించారు. మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం నాడు మెస్ వెనుక ఎరువు తయారీకని నాలుగు సిమెంటు వరలు దింపి, పిల్లలను పక్కన నిలబెట్టి ఫోటోలు తీశారు. ఇప్పుడు ఆ వరల నిండా విరిగిన బెంచీల చెక్కలున్నాయి. తడి, పొడి తేడా లేకుండా చెత్తంతా చీకటి పడ్డాక ట్రాక్టరులో కాలువ గట్టుకు పోతోంది. ఆడపిల్లల హాస్టల్లో వాడి పడేసిన న్యాప్‌కిన్లను ఆయాలు పోగేసి వెనుక గోడ దగ్గర తగలబెడుతున్నారు. కాగితాల్లో మాత్రం తడి చెత్త ఎరువుగా మారుతోంది, కాగితం, అట్ట పునర్వినియోగానికి పోతున్నాయి. మూడు నెలల పాటు ఆ కాగితాల మీద ఆమె సంతకం పెట్టారు. నాలుగో నెలది ఖాళీ గడితో బల్ల మీద ఉంది. “ఊళ్లో అందరూ చేస్తున్నదే కదమ్మా, నువ్వు సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటాను” అని బాబాయి అన్నారట.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పాత నోటుపుస్తకాలు, అట్టపెట్టెలు, పాల ప్యాకెట్లు ఏరి పాత సామాన్ల వాడికి అమ్ముకుని, నెలకు రెండు మూడు వేలు సంపాదించుకుంటున్న ఒక ఆయా ఉన్నారు. కొడుకు పాలిటెక్నిక్ చదువు ఆ డబ్బుతోనే నడుస్తోంది. చెత్తను పద్ధతిగా ఒక ఏజెన్సీకి అప్పగిద్దామని ఏఓ గారు ప్రతిపాదించగానే ఆ సంగతి తెలిసి, “నా పొట్ట మీద కొట్టకండమ్మా” అని ఆయా ఏఓ గారి చేతులు పట్టుకుని ఏడ్చారట.

“మా వారిని అడిగితే మనకెందుకు, పెట్టేయి అంటారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. సంతకం పెట్టనా? ఉద్యోగం మానేయనా? మునిసిపాలిటీ వారికి చెప్పేయనా? చెబితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు కాదా?” అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. సంతకం గురించి రెండు పేజీలు, బాబాయి గారి గురించి ఒకటి, ఆయా గురించి దాదాపు ఒకటి. న్యాప్‌కిన్లు తగలబెట్టడం గురించి మాత్రం ఒక్క వాక్యం. నా జవాబు ఆ వాక్యంతోనే మొదలుపెడతాను. మిగిలిన వాటికి ఒకటి రెండు వారాల వ్యవధి ఉంది, దానికి లేదు.

న్యాప్‌కిన్‌లో దూదితో పాటు ప్లాస్టిక్ పొర, నీటిని పీల్చే రసాయన పొడి ఉంటాయి. బహిరంగంగా తగలబెడితే అది సరిగా కాలదు. నల్లటి పొగ లేచి, అదే హాస్టల్ కిటికీల్లోంచి మీ అమ్మాయి ఈడు పిల్లలు పడుకునే గదుల్లోకి పోతుంది. ముందు ఆ పొగ పీల్చేది దగ్గర నిలబడి కర్రతో ఎగదోసే ఆయా. తొడుగులు లేకుండా వాటిని చేత్తో ఏరేదీ ఆమే. చెత్తను బహిరంగంగా తగలబెడితే ఒక్కోసారికి 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 రూపాయలు వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. కొత్త నిబంధనల్లో శానిటరీ చెత్త అన్నది విడిగా ఒక రకం. దాన్ని గట్టిగా చుట్టి వేరుగా ఉంచి, తీసుకుపోయే వారికి వేరుగానే ఇవ్వాలి.

దీన్ని ఆపడానికి మీకు కరస్పాండెంట్ అనుమతి అక్కర్లేదని నా అభిప్రాయం. ఏఓగా మీ చేతిలో ఉన్న చిల్లర ఖర్చుల పద్దు చాలు. ప్రతి అంతస్తు బాత్రూము దగ్గర కాలితో తెరుచుకునే మూత డబ్బా ఒకటి, చుట్టడానికి పాత వార్తాపత్రికలు, ఆయాలకు రబ్బరు తొడుగులు, పొట్లాల మీద ఎర్ర సిరాతో ఒక గుర్తు. ఎలా చుట్టాలో వార్డెన్ పిల్లలకు ఒక సాయంత్రం చెబితే సరిపోతుంది. ఈ చెత్తను ఏ వేళకు, ఏ బండి తీసుకుంటుందో మీ వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టరును అడగండి. మీ సంస్థను పట్టిచ్చే మాట కాదది, ఏ ఏఓ అయినా అడిగే మామూలు ప్రశ్నే. ఈ ఒక్క పని ఈ వారంలో చేయండి. నిద్ర సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇక నిబంధనల సంగతి. మీ బాబాయి గారు రేపు “అవి మనలాంటి వాళ్లకు కాదులే” అనవచ్చు, అందుకని ముందే చెబుతున్నాను. మూడు కొలతల్లో ఏ ఒక్కటి సరిపోయినా సంస్థ భారీగా చెత్త పుట్టించే వారి జాబితాలోకి వస్తుంది: రోజుకు 100 కిలోలు లేదా అంతకు మించిన చెత్త, 20,000 చదరపు మీటర్లు లేదా అంతకు మించిన అంతస్తుల విస్తీర్ణం, రోజుకు 40,000 లీటర్లు లేదా అంతకు మించిన నీటి వాడకం. మీ దగ్గర మొదటి రెండూ వాదనకు దొరుకుతాయేమో. మూడోది దొరకదు. 700 మంది పిల్లలకు స్నానం, బట్టలు, మరుగుదొడ్లు, వంట కలిపి తలకు 100 లీటర్లు వేసుకున్నా 70,000 లీటర్లవుతుంది. కాబట్టి తప్పించుకునే దారి వెతకడంలో సమయం పోగొట్టుకోవద్దు.

ఇవి ఆకాశం నుంచి ఊడిపడిన నిబంధనలేమీ కావు. 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా 2000లో మొదటిసారి వచ్చాయి. 2016లో వాటిని తిరగరాసినప్పుడే పాఠశాలలు, కళాశాలలు, హాస్టళ్లు, హోటళ్లు చెత్తను విడదీసి, తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చాలన్నారు. పదేళ్లు ఎవరూ గట్టిగా అడగలేదు, అంతే. ఇప్పుడు మూడు రకాలు నాలుగయ్యాయి: తడి, పొడి, శానిటరీ, ఇంకా మందులు, రంగు డబ్బాలు, బల్బుల వంటి ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. ఆవరణలో తడి చెత్త శుద్ధి చేయలేని వారు ఆ మేరకు ధ్రువపత్రం తీసుకోవాలి. నమోదు, లెక్కలు ఆన్‌లైన్ పోర్టల్‌లోకి ఎక్కుతాయి. మిమ్మల్ని ఎక్కువగా తాకే సంగతి ఇంకొకటి ఉంది. పర్యావరణ పరిహారం వసూలు చేయదగ్గ తప్పుల్లో నమోదు లేకుండా నడపడంతో పాటు తప్పుడు నివేదిక ఇవ్వడాన్ని, నకిలీ పత్రాలు సమర్పించడాన్ని కూడా పేరు పెట్టి చేర్చారు. అంటే చెత్తను విడదీయకపోవడం ఒక తప్పు, విడదీశామని రాయడం దాని మీద ఇంకొకటి. ఈ నిబంధనలకు తల్లి 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం. 2023లో దాన్ని సవరించి, ఉల్లంఘనలకు జైలు శిక్ష తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టారు.

మిమ్మల్ని బెదిరించడానికి ఈ అంకెలు చెప్పడం లేదు. “మిగతాది నేను చూసుకుంటాను” అన్న మాట బరువెంతో తూచి చూసుకోవాలని చెబుతున్నాను. పరిహారం, జరిమానా సంస్థ నెత్తిన పడితే ఆయన చూసుకోగలరు. ఆ కాగితం అబద్ధమని తేలితే అడుగున కనిపించేది మాత్రం మీ పేరు. దాన్ని ఆయన చూసుకోలేరు. ఆయన చెడ్డవారు కాబట్టి కాదు, ఆ సంతకం ఆయనది కాదు కాబట్టి.

ఇప్పుడు మీ ముందున్న దారులు ఒక్కొక్కటీ చూద్దాం. నాలుగో నెల కూడా సంతకం పెట్టేయడం అన్నింటికన్నా సులువు. ఆరు నెలలో ఏడాదో ఏమీ జరగకపోవచ్చు కూడా. కాకపోతే ఈ అబద్ధం దాగేది కాదు. ఎరువు తయారవుతోందంటే ఎరువు కనబడాలి. కాగితం అమ్మామంటే తూకం చీటీ ఉండాలి. ట్రాక్టరు డ్రైవరుకు తెలుసు, మెస్ వాళ్లకు తెలుసు, ఫోటోలో నిలబడ్డ పిల్లలకు తెలుసు, వాళ్లు ఇంటికి వెళ్లి చెప్పుకుంటారు. ఇన్‌స్పెక్టరు వచ్చి వరల్లోకి తొంగి చూస్తే బెంచీ చెక్కలుంటాయి. అప్పుడు బాబాయి గారికి మీరు చేసిన మేలేమీ మిగలదు.

ఉద్యోగం మానేయడం ఇప్పుడు మంచిది కాదని నాకనిపిస్తోంది. మీ వారి పరిస్థితి, అమ్మాయి చదువు అలా ఉంచండి. మీరు వెళ్లిన మర్నాడే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుని, ఈ మథన కూడా పడకుండా సంతకం పెడతారు. ట్రాక్టరు కాలువ గట్టుకు పోతూనే ఉంటుంది. అయితే గుట్టుగా వేరే ఉద్యోగం కోసం చూసుకోవడంలో తప్పు లేదు. రెండో దారి ఉందని తెలిసిన మనిషి మాటలోనే ఒక నిబ్బరం వస్తుంది.

మునిసిపాలిటీకి ఫిర్యాదు చేయడం మీ హక్కు. కానీ చిన్న ఊళ్లలో ఫిర్యాదు చేసిన వారి పేరు సాయంత్రానికల్లా ఫిర్యాదులో ఉన్న వారికి తెలిసిపోతుంది. అమ్మాయికి ఈ విద్యా సంవత్సరం చివర పరీక్షలు. ఆ దెబ్బ తట్టుకోవడానికి ఇంట్లో సిద్ధపడకుండా ఆ పనికి దిగవద్దు. అలాగని ఆ తలుపు పూర్తిగా మూసేయవద్దు కూడా. మీరు చెప్పిన తర్వాత కూడా న్యాప్‌కిన్ల మంట ఆగకపోతే, చెత్త కాలువలోనే పడుతూ ఉంటే, ఆ నీళ్లు దిగువన వాడుకునే వారికి కూడా మీరు సమాధానం చెప్పాలి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అన్న మాట అప్పుడు ఇక్కడ పొసగదు.

నిజం రాసి సంతకం పెట్టడం అని ఇంకొక దారి ఉంది. మీ ఉత్తరంలో అది కనబడలేదు. సంతకం పెట్టడమా మానడమా అని రెండే అనుకున్నారు మీరు. లెక్క చూపే ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాయవచ్చు: తడి చెత్త విడదీయడం ఇంకా మొదలు కాలేదు, ఎరువు వరలు కట్టాం గానీ వాడుకలోకి రాలేదు, శానిటరీ చెత్తను ఈ వారం నుంచి విడిగా ఉంచుతున్నాం, ఫలానా తేదీకి మిగతావి మొదలుపెడతాం. ఇలా రాస్తే నోటీసు రావచ్చు. పరిహారం కట్టమని కూడా అనవచ్చు. ఆ పర్యవసానాన్ని నేను తక్కువ చేసి చెప్పను. కానీ తేదీ వేసి ఒప్పుకున్న సంస్థతో అధికారులు మాట్లాడే తీరు వేరు, దొంగ లెక్కతో దొరికిన సంస్థతో మాట్లాడే తీరు వేరు. పాత మూడు నెలల కాగితాల జోలికి మాత్రం పోవద్దు. చింపడం, దిద్దడం, వెనక తేదీలు వేయడం కొత్త తప్పులవుతాయి. వాటి సంగతి తెలిసిన ఒక న్యాయవాదితో గంట సేపు కూర్చుని మాట్లాడండి. ఆ ఫీజు మీకు దండగ కాదు.

బాబాయి గారితో మాట్లాడకుండా ఈ దారిలో అడుగు పడదు. అందుకే ఆయన దగ్గరికి ఎలా వెళ్లాలో కాస్త వివరంగా రాస్తాను. “ఇది తప్పు బాబాయి” అని మొదలుపెడితే ఆయన పెద్దరికం అడ్డొస్తుంది. తూకంతో మొదలుపెట్టండి. మెస్ స్టోరులో బియ్యం తూచే కాటా ఉంటుంది కదా. ఒక వారం పాటు బండి ఎక్కే ముందు చెత్తను తూయించండి: వండి మిగిలినది ఒక బక్కెట్, కంచాల్లో వదిలేసినది ఒకటి, కూరగాయల తొక్కలు ఒకటి, కాగితం, ప్లాస్టిక్ ఒక గోనె. నోటుపుస్తకంలో రోజువారీ రాయండి. హాస్టళ్లలో చెత్త బరువంతా సాధారణంగా తిండిలోనే ఉంటుంది. ఒక్కో పిల్లవాడు రోజు మొత్తానికి 100 గ్రాములు వదిలేసినా రోజుకు 70 కిలోలు, నెలకు రెండు టన్నుల పైమాట. అది ఆయన కొన్న బియ్యం, పప్పు, నూనె, గ్యాసు. ఉదయం ఇడ్లీలు నాలుగు వేస్తే రెండు తిని రెండు వదిలేసే పిల్లలకు, ముందు రెండు వేసి మళ్లీ అడిగితే వేయండి. ఏ రోజు ఏది ఎక్కువ మిగులుతోందో చూసి మెనూ మార్చండి. చెత్త తగ్గించడం దగ్గర మొదలుపెడితే ఆయన వింటారు, ఎందుకంటే అది ఆయనకు ఖర్చు కలిసొచ్చే మాట. విడదీయడం ఆ తర్వాత వస్తుంది.

వండి మిగిలి ఎవరి కంచంలోనూ పడని అన్నం, పులుసు ఆ రోజే కుడితికి తీసుకుపోయే పాడి రైతులు మీ ఊరి చుట్టూ ఉంటారు. అయితే అన్నం ఒక్కసారిగా ఎక్కువ పెడితే గేదె కడుపు ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఒక్కరికే అంతా పోయకుండా ఇద్దరు ముగ్గురికి పంచండి. పులిసిపోయినది, నిన్నటిది ఇవ్వవద్దు.

మిగిలిన తడి చెత్తకు మీ నాలుగు వరలు ఉన్నాయి. చెక్కలు తీయించండి. వరలకు గాలి ఆడే రంధ్రాలున్నాయో లేదో చూడండి, లేకపోతే పెట్టించాలి. అడుగున కొబ్బరి పీచో ఎండు పుల్లలో పరిచి, ఒక బక్కెట్ తడి చెత్తకు రెండు బక్కెట్ల ఎండుటాకులు చొప్పున పొరలు పొరలుగా వేయించండి. మొదట్లో కాస్త పేడ నీళ్లో పుల్ల మజ్జిగో చల్లితే కుళ్లడం త్వరగా అందుకుంటుంది. ఎరువు వరలు కంపు కొడుతున్నాయంటే నూటికి తొంభై సార్లు ఎండుటాకులు తక్కువయ్యాయనే. మీ ఆవరణలో వేప చెట్లు, బాదం చెట్లు ఉన్నాయని, వాటి ఆకులు రోజూ ఊడ్చి తగలబెడతారని మీరే రాశారు. తగలబెడుతున్న ఆ ఆకులే మీకు కావలసిన సరుకు. గోనెల్లో నింపి వరల పక్కన పెట్టించండి. వారానికి ఒకసారి తిరగేయించాలి. చేత్తో పిండితే రెండు చుక్కలు రాలేంత తేమ ఉండాలి, కారిపోతూ ఉండకూడదు. రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు వస్తుంది, మట్టి వాసనే తప్ప వేరే వాసన ఉండదు. ఇంత మెస్‌కు నాలుగు వరలు చాలవు. అయినా నాలుగింటితో పని నేర్చుకున్నాక ఇంకెన్ని కావాలో మీకే లెక్క తెలుస్తుంది.

ఇదంతా మన ఊళ్లలో అయ్యే పనేనా అని మీ బాబాయి గారు అంటే, సూర్యాపేట పట్టణం 2000ల మొదట్లోనే ఇంటింటికీ చెత్త విడిగా సేకరించి, వీధి కుండీలు తీసేసి దేశమంతటా పేరు తెచ్చుకుందని చెప్పండి. హైదరాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో కుళ్లిన కూరగాయలతో కరెంటు తీసిన సంగతి ఆయన కూడా పేపర్లో చదివే ఉంటారు.

ఆయా విషయంలో మీరు పడుతున్న బాధ న్యాయమైనది. కానీ ఆమె చేతిలోని డబ్బు లాగేసుకోమని నిబంధన ఎక్కడా చెప్పలేదు. పొడి చెత్త సరైన పునర్వినియోగానికి చేరాలి, చేరినట్టు లెక్క ఉండాలి, అంతే. చెత్తంతా ఒకే ఏజెన్సీకి గుత్తకు ఇవ్వడం ఒక పద్ధతి మాత్రమే. శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త రకాలకు అనుమతి ఉన్న ఏజెన్సీని పెట్టుకుని, కాగితం, అట్ట, పాల ప్యాకెట్ల అమ్మకం ఆవరణలో పనిచేసే ఆయాల పేరునే ఉంచవచ్చు. ఒప్పందంలో ఆ మాట రాయించండి. పాత సామాన్ల వ్యాపారికి నమోదు అవసరమేమో మునిసిపాలిటీలో అడగండి, ప్రతి అమ్మకానికి అతను తూకం చీటీ ఇవ్వాలి. ఆ చీటీలే మీ లెక్కకు ఆధారం. సాంబారులో నానిన కాగితానికి ధర రాదు, పొడిగా, పిన్నులు తీసి కట్టలు కట్టిన నోటుపుస్తకాలకు వస్తుంది. విడదీయడం గట్టిగా జరిగితే ఆమె సరుకు పెరిగే వీలుంది.

ఇందులో ఒక ఇబ్బంది మాత్రం తప్పదు. ఇప్పటిదాకా ఆ డబ్బు ఒక్కరికే పోతోంది. లెక్కలోకి వచ్చాక మిగతా ఆయాలు తమ వంతు అడుగుతారు, అడగడం న్యాయమే. అప్పుడు ఈమె వాటా తగ్గవచ్చు. ఆ మాట మీరే ముందుగా ఆమెను కూర్చోబెట్టి చెప్పండి, ఎవరి నోటో వినే కన్నా అది మేలు. నాలుగు రకాల డబ్బాలు, తూకం, ఎరువు వరలు అన్నీ కలిపి ఆయాల పని పెరుగుతోంది కాబట్టి జీతం కూడా పెరగాలని బాబాయి గారిని అడగండి. ఆదా అయిన బియ్యం లెక్క అప్పుడు మీ చేతిలో ఉంటుంది. ఆమె కొడుకు చదువు అయ్యేదాకా సంస్థ ఏదైనా సాయం చేయగలదేమో అని కూడా అడగండి. మీకు చేసిన మనిషే కదా, ఆమెకు చేయరని ముందే ఎందుకు అనుకోవాలి? ల్యాబులో పాడైన కంప్యూటర్లు, బ్యాటరీలు మాత్రం పాత సామాన్ల వాడికి వేయనివ్వవద్దు. ఈ-వ్యర్థాలకు, బ్యాటరీలకు వేరే వేరే నిబంధనలున్నాయి, నమోదైన రీసైక్లర్‌కే ఇవ్వాలి.

మీ మనసును ఎక్కువగా నలిపేస్తున్నది బాబాయి గారి రుణమని ఉత్తరంలో అడుగడుగునా తెలుస్తోంది. కష్టంలో చేయి పట్టుకున్న మనిషిని కాదనడం మన ఇళ్లలో చిన్న విషయం కాదు, కాకూడదు కూడా. అయితే ఆ రుణానికి బదులు మీరు ఇన్నేళ్లుగా ఆ సంస్థకు పొద్దున్నే వెళ్లి, రాత్రి వస్తున్నారు. అడ్మిషన్ల కాలంలో ఆదివారాలు కూడా వెళ్తున్నారని మీరే రాశారు. రుణం తీర్చడానికి ఆయన మీ దగ్గర అడిగింది పని. మీరు చేస్తున్నారు. అబద్ధం రాయమని అడగడం దాని కొనసాగింపు కాదు, కొత్త కోరిక. కొత్త కోరికకు కొత్తగా ఆలోచించి జవాబు చెప్పే స్వేచ్ఛ మీకుంది.

ఆయనకు కోపం రావచ్చు. అమ్మాయి ఫీజు మాట ఎత్తవచ్చు. ఎత్తరనే నాకు ఆశ, కానీ ఆశ మీద ఇల్లు నడవదు కాబట్టి మాట్లాడే ముందే ఆ లెక్క వేసుకోండి. ఈ విద్యా సంవత్సరంలో మిగిలిన నెలలకు ఫీజు ఎంతవుతుంది, వాయిదాల్లో కట్టగలరా, పుట్టింటి వారిలో ఎవరైనా సర్దగలరా, చీటీ ఏదైనా చేతికొచ్చేది ఉందా. ఆ అంకె ఎంత పెద్దదైనా, తెలియని భయం కన్నా చిన్నదే అవుతుంది. అమ్మాయితో ఇప్పుడేమీ చెప్పవద్దు. ఆమెను చదువుకోనివ్వండి.

ఆయన ఒప్పుకోకుండా “సంతకం మాత్రం పెట్టు” అంటే, అప్పుడు అనవలసిన మాట ఇది: “బాబాయి, జరిగింది రాయమంటే ఇప్పుడే రాసి పెడతాను. జరగనిది రాయాలంటే మీ పేరున రాయించండి, నేను పెట్టలేను.” గొంతు పెంచనక్కర్లేదు. ఆ తర్వాత ఆయన స్వయంగా సంతకం పెట్టుకుంటే మీరు ఆపలేరు. కానీ చాలామంది పెద్దలు ఇంకొకరి చేత పెట్టించినంత తేలికగా తమ చేత్తో పెట్టరు. అదే ఆయనను ఆలోచింపజేయవచ్చు.

ఒక్కరే వెళ్లవద్దు. మీ వారు “మనకెందుకు” అన్నారని నొచ్చుకున్నారు మీరు. ఆయన ఇంట్లో ఉండి, మీ జీతం మీద ఇల్లు నడుస్తున్నప్పుడు ఆ మాట భయంలోంచి వచ్చి ఉంటుంది, పట్టించుకోకపోవడంలోంచి కాకపోవచ్చు. సంతకం పెట్టాలా వద్దా అని మళ్లీ అడగకండి. వారం రోజుల తూకం పుస్తకం ఆయన ముందు పెట్టి, ఫీజు లెక్క ఇద్దరూ కలిసి వేయండి. ఆ తర్వాత ఒక ఆదివారం సాయంత్రం బాబాయి గారింటికి ఆటోలో ఇద్దరూ కలిసి వెళ్లండి. ఆఫీసు గదిలో కరస్పాండెంటుతో చెప్పలేని మాటలు ఇంట్లో బాబాయితో చెప్పవచ్చు. పిన్ని గారు కూడా వింటారు, అది మీకు మంచిదే. న్యాప్‌కిన్లు తగలబెట్టే సంగతి ఆమెకు తెలియకపోయి ఉండవచ్చు.